అయస్కాంతపు శ్రుతిలో రెండు జాతుల పరమాణువులు

గాలిని దాదాపు పూర్తిగా తోడేసిన ఒక చిన్న గాజుపెట్టెలో, లేజర్ కాంతి పట్టులో, వెంట్రుక మందమంత మేఘం ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో పొటాషియం-40, రుబీడియం-87 అనే రెండు జాతుల పరమాణువులు కలిసి ఉంటాయి. పెట్టెకు అటూ ఇటూ ఉన్న రాగి తీగచుట్టల్లో విద్యుత్తును పెంచుతూ పోయి, అయస్కాంత క్షేత్రాన్ని 543.7 గాస్ సమీపంలో నిలిపితే, ఈ రెండు జాతులూ ఒకదాని ఉనికి మరొకటి ఎరగనట్టు ఒకదానిలోంచి ఒకటి సాగిపోతాయి. మరో రెండున్నర గాస్ పెంచితే ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. 546.7 గాస్ దాటగానే, అవే పరమాణువులు, అదే పెట్టెలో, ఒకదాన్నొకటి విపరీతంగా లాక్కుంటాయి. తెలుగు నేల మీద భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్‌కు లోపే ఉంటుందని గుర్తుంచుకుంటే, 546 గాస్ పెద్ద సంఖ్యగానే కనిపిస్తుంది. అయితే ఇక్కడ విడ్డూరం ఆ పెద్ద సంఖ్యలో లేదు, దాని చివర వచ్చే మూడు గాస్‌ల తేడాలో ఉంది.

ఈ విషయాన్ని వివరించేటప్పుడు అయస్కాంత క్షేత్రంతో పరమాణువుల మధ్య బలాన్ని మార్చవచ్చని చెప్పడం పరిపాటి. వినడానికి సులువైన మాటే కానీ, అసలు సంగతిని అదే మరుగుపరుస్తుందని నా అభిప్రాయం. పొటాషియం, రుబీడియం పరమాణువులు దగ్గరికి వచ్చినప్పుడు వాటిని పట్టి ఉంచే రసాయన ఆకర్షణను ఒక బావిగా ఊహించుకుంటే, ఆ బావి లోతును ఉష్ణోగ్రతగా లెక్కగట్టినప్పుడు దాదాపు 6,000 కెల్విన్ వస్తుంది. ఎలక్ట్రాన్ అయస్కాంతత్వం మీద ఒక గాస్ క్షేత్రం చూపే ప్రభావం, అదే కొలతలో, 67 మైక్రోకెల్విన్ మాత్రమే. 546 గాస్‌లూ కలిపినా 0.04 కెల్విన్‌కు చేరదు. ఆరు వేలు ఎక్కడ, ఒకటిలో వందకు నాలుగు వంతులు ఎక్కడ? ఆ బావి రూపాన్ని మార్చే సత్తా ఈ అయస్కాంతానికి లేదు. బలం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది, దాని ఫలితం మాత్రం తలకిందులవుతుంది. ఇది ఎలా సాధ్యమన్నదే ఈ వ్యాసం విప్పి చూపదలచిన చిక్కుముడి.

ముందు చలి గురించి చెప్పాలి. గది ఉష్ణోగ్రతలో రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో పోతుంది. 300 నానోకెల్విన్ వద్ద, అంటే కెల్విన్‌లో కోటికి మూడు వంతుల దగ్గర, దాని వేగం సెకనుకు 9 మిల్లీమీటర్లు. చీమ కూడా అంతకంటే చురుగ్గానే నడుస్తుంది. క్వాంటం సిద్ధాంతం ప్రకారం, వేగం తగ్గిన కొద్దీ పరమాణువు తాలూకు తరంగదైర్ఘ్యం పెరుగుతుంది కాబట్టి, ఆ చలిలో అది 300 నానోమీటర్లు దాటుతుంది. రెండు పరమాణువుల మధ్య బలం పనిచేసే దూరమేమో కొద్ది నానోమీటర్లే. అంత పెద్ద అల అంత చిన్న గుంట మీదుగా పోతున్నప్పుడు, గుంట లోపల ఎన్ని మెలికలున్నాయో అలకు తెలియదు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొనడానికి కావలసిన కోణీయ ద్రవ్యవేగం కూడా ఆ వేగంలో సమకూరదు. అందువల్ల ఎదురెదురుగా కలిసే ఒకే ఒక్క రకపు తాకిడి మిగులుతుంది, దాని ఫలితమంతా ఒకే ఒక్క సంఖ్యలో ఇమిడిపోతుంది.

ఆ సంఖ్యకు పరిక్షేపణ దైర్ఘ్యమని పేరు. దూరంగా వెళ్ళిపోయిన అలను చూసి, మధ్యలో తగిలిన అడ్డు కారణంగా అది ఎంత జరిగిందో కొలిచి చెప్పే పొడవు ఇది. ధన సంఖ్య అయితే, ఆ పరమాణువులు అంత వ్యాసం గల గట్టి గోళీల్లా ప్రవర్తిస్తాయి, ఒకదాన్నొకటి దూరం పెడతాయి. రుణ సంఖ్య అయితే, ఒకదాన్నొకటి లోపలికి లాక్కున్నట్టు ప్రవర్తిస్తాయి. సున్నా అయితే, తాకిడే జరగనట్టు లెక్క. లోపల 6,000 కెల్విన్ల లోతు గల బావి ఎప్పటిలాగే ఉన్నా సరే, బయటకు కనిపించేది ఈ ఒక్క సంఖ్యే. దీన్ని అటూ ఇటూ తిప్పగలిగితే చాలు, బలాన్ని తాకనవసరం లేదు.

తిప్పే తాళంచెవి ఎక్కడ దొరుకుతుంది? ప్రతి పరమాణువులోనూ ఎలక్ట్రాన్ స్పిన్, కేంద్రక స్పిన్ అనే రెండు చిన్న అయస్కాంతాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి ఏ భంగిమలో కూర్చున్నాయన్నదాన్ని బట్టి పరమాణువుకు హైపర్‌ఫైన్ స్థితులని పిలిచే కొన్ని శక్తి స్థాయిలు ఏర్పడతాయి. ప్రయోగంలో రెండు జాతుల పరమాణువులనూ వాటి వాటి అట్టడుగు స్థితుల్లో ఉంచుతారు. అవి ఆ భంగిమలో దగ్గరికి వస్తాయి, ఆ భంగిమలోనే విడిపోతాయి. ఇది తెరచి ఉన్న దారి. స్పిన్ భంగిమ వేరుగా ఉన్న ఇతర జతలకు కూడా వాటి వాటి బావులు ఉన్నాయి. అయితే ఆ దారిన బయటపడాలంటే ఎక్కువ శక్తి కావాలి, ఆ చలిలో అంత శక్తి దొరకదు కనుక అది మూసిన దారి. దానిలో ప్రవేశించిన జత బయటికి పోలేదు, కానీ లోపల కాసేపు నిలవగలదు. మూసిన దారి బావిలో పైఅంచుకు దగ్గరగా ఒక మెట్టు ఉండి, ఆ మెట్టు ఎత్తు తెరచిన దారిలో వస్తున్న పరమాణువుల శక్తితో సరిపోయిందనుకోండి, జత ఆ మెట్టు మీద కాలు మోపి, కొంతసేపు ఆగి, తిరిగి తన దారిన వస్తుంది.

భంగిమలు వేరు కాబట్టి ఆ రెండు దారుల అయస్కాంత భ్రామకాలు కూడా వేరు. క్షేత్రాన్ని ఒక గాస్ మార్చితే రెండు దారుల శక్తుల మధ్య ఎడం పదుల మైక్రోకెల్విన్లు మారుతుంది. 6,000 కెల్విన్ల బావికి ఇది లెక్కలోకి రాని తేడా. కానీ లోపలికి వస్తున్న పరమాణువు దగ్గర ఉన్నది 0.3 మైక్రోకెల్విన్ మాత్రమే, దాని కంటికి ఈ తేడా కొండంత. అయస్కాంతం చేసే పని ఇదొక్కటే. బావిని ముట్టుకోదు, ఒకే ఒక్క మెట్టును పైకో కిందికో జరుపుతుంది. మెట్టు ప్రవేశ మట్టానికి కాస్త కిందుగా ఉన్నప్పుడు అల బయటికి తోసినట్టవుతుంది, పరిక్షేపణ దైర్ఘ్యం భారీ ధన సంఖ్య అవుతుంది. కాస్త పైకి జరిగితే అల లోపలికి లాగినట్టవుతుంది, భారీ రుణ సంఖ్య అవుతుంది. సరిగ్గా మట్టం కలిసిన చోట అది అనంతానికి పరుగెత్తుతుంది.

ఇది అనునాదం. కేంద్రక చర్యల సందర్భంలో 1958లో ఈ సిద్ధాంతాన్ని రూపొందించిన హెర్మన్ ఫెష్‌బాక్ పేరు మీద దీన్ని ఫెష్‌బాక్ అనునాదం అంటారు. పరమాణు భౌతికశాస్త్రంలో ఇదే ఆలోచనను ఉగో ఫానో వేరే దారిలో చేరుకున్నారు కాబట్టి ఇద్దరి పేర్లూ కలిపి చెప్పేవారూ ఉన్నారు. చల్లని పరమాణువుల మీద అయస్కాంతంతో దీన్ని తిప్పవచ్చని 1993లో ఐండ్‌హోవెన్ పరిశోధకులు లెక్కగట్టారు. 1998లో ఎంఐటీలో వోల్ఫ్‌గాంగ్ కెటర్లీ బృందం సోడియం మేఘంలో దాన్ని చూసింది. అది ఒకే జాతి పరమాణువుల కథ.

పొటాషియం-40, రుబీడియం-87 జత విషయంలో, అనునాదానికి దూరంగా ఉన్నప్పుడు పరిక్షేపణ దైర్ఘ్యం సుమారు రుణ 187 బోర్ వ్యాసార్ధాలు, అంటే రుణ 10 నానోమీటర్లు. అనునాదం వెడల్పు మూడు గాస్ ఉంటుంది. ఈ రెండు సంఖ్యలూ తెలిస్తే చాలు, మిగతావి ఎవరైనా లెక్కగట్టవచ్చు. అనునాదానికి ఒక గాస్ పైన, 187ను నాలుగుతో గుణించినంత, అంటే రుణ 750 దాకా వస్తుంది. మూడు గాస్ కింద సున్నా అవుతుంది. పదోవంతు గాస్ కింద ధన 5,400 దాటుతుంది, అది 280 నానోమీటర్ల పైమాట. పరమాణువు అసలు పరిమాణానికి ఇది వందల రెట్లు. అందుచేతనే, అనునాదం దగ్గర పనిచేసే ప్రయోగశాలలు క్షేత్రాన్ని గాస్‌లో వందో వంతుకు అదుపులో ఉంచాలి. 546 గాస్‌లో 0.01 గాస్ అంటే యాభై వేలలో ఒక వంతు. తీగచుట్టల్లో పారే వందల ఆంపియర్ల విద్యుత్తు అంత నిలకడగా ఉండాలి. వేడెక్కితే చుట్టలు వ్యాకోచిస్తాయి కాబట్టి, తీగలకు బదులు బోలు రాగి గొట్టాలు చుట్టి, వాటి లోపలి నుంచి చల్లని నీటిని పారిస్తారు. ఈ శాస్త్రంలో సగం శ్రమ ఈ కంటికి కనబడని నిలకడ కోసమే ఖర్చవుతుంది.

అనునాదం ఏ గాస్ దగ్గర ఉందో మొదట ఎవరికీ తెలియదు, వెతకాలి. ఆ వెతుకులాట తీరు తెలిస్తే మన ఇంటర్మీడియట్ ప్రయోగశాలలోని సోనోమీటర్ గుర్తొస్తుంది. బిగించిన తీగ మీద వి ఆకారంలో మడిచిన చిన్న కాగితపు ముక్కను పెట్టి, మోగుతున్న శ్రుతిదండాన్ని పెట్టె మీద ఆనించి, తీగ పొడవును కొద్దికొద్దిగా మార్చుతూ పోతాం. శ్రుతి కలిసిన క్షణంలో కాగితపు ముక్క ఎగిరి కింద పడుతుంది. చల్లని మిశ్రమంలోనూ అంతే. మేఘాన్ని తయారుచేస్తారు, క్షేత్రాన్ని ఒక విలువ దగ్గర నిలుపుతారు, కాసేపు ఆగుతారు, ఆ తరువాత 780 నానోమీటర్ల కాంతి వేసి రుబీడియం నీడను, 767 నానోమీటర్ల కాంతి వేసి పొటాషియం నీడను ఫొటో తీస్తారు. ఒక రంగు కాంతికి రెండో జాతి పారదర్శకమే కాబట్టి రెండు నీడలూ కలవవు. ఫొటో తీయడంతో ఆ మేఘం చెదిరిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి కొత్త మేఘం చేసుకోవాలి, క్షేత్రాన్ని ఇంకాస్త జరపాలి. ఇలా పోతూ ఉండగా ఒక చోట రెండు నీడలూ హఠాత్తుగా పలచబడతాయి. అక్కడ పరిక్షేపణ దైర్ఘ్యం విపరీతంగా పెరగడం వల్ల మూడేసి పరమాణువులు ఒకచోట చేరి, వాటిలో రెండు అణువుగా కలిసిపోయి, విడుదలైన శక్తి తన్నుకు మూడోదానితో సహా పట్టు వదిలి ఎగిరిపోయాయన్న మాట. కాగితపు ముక్క పడింది.

2004లో రెండు వేర్వేరు బృందాలు వేర్వేరు జాతుల జంటలలో ఈ పడటాన్ని చూశాయి. ఎంఐటీలో లిథియం-6, సోడియం-23 మధ్య మూడు అనునాదాలు 700 నుంచి 800 గాస్‌ల మధ్య దొరికాయి. కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో ఉన్న జైలా సంస్థలో డెబొరా జిన్ బృందానికి పొటాషియం-40, రుబీడియం-87 మధ్య దొరికాయి.

ఒకే జాతితో సాధ్యమైన పనికి రెండు జాతులు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనది. మొదటి కారణం పొటాషియం-40 స్వభావంలోనే ఉంది. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పది వేల పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే ఉండే ఈ ఐసోటోపు ఒక ఫెర్మియాన్. ఒకే స్థితిలో ఉన్న రెండు ఫెర్మియాన్లు ఎదురెదురుగా ఢీకొనడాన్ని పౌలీ నియమం అనుమతించదు. చలిలో మిగిలే తాకిడి అదొక్కటే అని పైన చెప్పుకున్నాం. అంటే చల్లబడే కొద్దీ పొటాషియం-40 పరమాణువులు తమలో తాము ఢీకొనడం మానేస్తాయి. వేడి కాఫీ ఆవిరిని వదిలి చల్లారినట్టు, వేగంగా పోయే పరమాణువులను వదిలేసి మిగిలిన వాటిని చల్లార్చే పద్ధతి, ఢీకొనడాలు లేకపోతే పనిచేయదు. పక్కన రుబీడియం-87 ఉంటే ఆ అడ్డు తొలగుతుంది. అది బోసాన్, అంటే ఆ నిషేధం వర్తించని రకం, తనలో తాను ఢీకొంటుంది, పొటాషియంతోనూ ఢీకొంటుంది. రుబీడియాన్ని చల్లార్చితే దాని పొత్తులో పొటాషియం చల్లారుతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో లెన్స్ ప్రయోగశాల ఈ దారిలో 2001లో పొటాషియం-41ను, మరుసటి ఏడాది పొటాషియం-40ను క్వాంటం స్థాయికి దింపింది. తోడుగా తెచ్చుకున్న రుబీడియమే తరువాత కథలో రెండో ప్రధాన పాత్ర అయింది.

జాతులు వేరైతే బరువులూ వేరు, దాంతో కొన్ని చిక్కులు వస్తాయి. కావడికి రెండు వైపులా సమానమైన బరువు లేకపోతే ఒక వైపు కిందికి దిగినట్టు, రుబీడియం పొటాషియం కంటే కిందుగా కూర్చుంటుంది. రుబీడియం సెకనుకు వందసార్లు ఊగేంత బిగువైన పట్టులో అది భూమ్యాకర్షణ వల్ల 25 మైక్రాన్లు కిందికి దిగుతుంది. అంతే బిగువు పొటాషియానికి దొరికితే అది 11 మైక్రాన్లే దిగుతుంది. అతిశీతల మేఘాల మందం చాలాసార్లు ఈ తేడా కంటే తక్కువే ఉంటుంది కాబట్టి, రెండింటినీ కలిపామనుకున్న చోట అవి ఒకదాని కింద ఒకటి విడిగా ఉండిపోవచ్చు. ఒకదానితో ఒకటి తాకని మేఘాల మీద ఎంత గొప్ప అయస్కాంతం పెట్టినా ఫలితం ఉండదు. లేజర్ పట్టును బాగా బిగించడం ఒక మందు. భూమ్యాకర్షణే తెలియని చోటికి పోవడం మరో మందు. 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన నాసా శీతల పరమాణు ప్రయోగశాలలో రుబీడియం-87, పొటాషియం-41ల మిశ్రమాన్ని తయారుచేసిన వార్త 2023లో వెలువడింది.

అదే బరువు తేడా ఒక గొప్ప సౌకర్యాన్ని కూడా ఇస్తుంది. ఐసోటోపులు మారినప్పుడు కేంద్రకం బరువు మారుతుంది కానీ, ఎలక్ట్రాన్లు నిర్ణయించే బావి రూపం మారదనే చెప్పాలి. పొటాషియం, రుబీడియంల ప్రధాన బావిలో వందకు అటూ ఇటూగా మెట్లున్నాయి. బరువు మారితే ఆ మెట్లన్నీ ఒక లెక్క ప్రకారం జరుగుతాయి, చివరి మెట్టు ఎక్కడికి చేరిందో తెలిస్తే పరిక్షేపణ దైర్ఘ్యం తెలిసిపోతుంది. కాబట్టి పొటాషియం-40తో కొలిచిన అనునాదాల స్థానాలను ఆధారం చేసుకుని, పొటాషియం-39తోనో 41తోనో ఎక్కడెక్కడ దొరుకుతాయో ముందే లెక్కగట్టవచ్చు. ఫ్లోరెన్స్ బృందం 2006లో ఈ పని చేసి చూపింది. కోటానుకోట్ల చర్యలు జరిగే రసాయనశాస్త్రంలో, ఇంత కచ్చితంగా ఒక కొలత నుంచి ఇంకో ఐసోటోపు ప్రవర్తన చెప్పగలగడం అరుదు.

ఇక తిప్పుడు చేతిలోకి వచ్చాక ఏం చేశారన్న సంగతి. పొటాషియం-40, రుబీడియం-87 మధ్య సహజంగా ఉండే ఆకర్షణే తక్కువది కాదు. 2002లో ఫ్లోరెన్స్‌లో రుబీడియం సంఖ్యను పెంచుతూ పోయినప్పుడు, అది లక్ష పరమాణువుల ప్రాంతం దాటగానే పొటాషియం మేఘం ఉన్నట్టుండి కుప్పకూలింది. రుబీడియం పొటాషియాన్ని తనలోకి లాగడం, దట్టమైన పొటాషియం రుబీడియాన్ని మరింత లాగడం, ఈ వలయం ఆగకుండా తిరిగి మూడేసి పరమాణువుల తాకిళ్ళలో మేఘం కరిగిపోవడం జరిగింది. 2006లో హాంబర్గ్‌లో అనునాదాన్ని వాడుకుని ఈ ఆకర్షణను తగ్గించి, సున్నా చేసి, తిరగేసి, ఒకటి రెండోదాన్ని బయటికి నెట్టేదాకా తీసుకుపోయారు.

ఆ కూలడాన్ని మధ్యలో ఆపే సన్నటి గీత ఒకటి ఉందని 2015లో ద్మిత్రి పెట్రోవ్ లెక్కగట్టారు. రెండు బోసాన్ మేఘాలను తీసుకుని, ఒక్కోదానిలో తమలో తమకు వికర్షణ ఉండేట్టు, ఒకదానికొకటి మధ్య దానికంటే కొంచెమే ఎక్కువ ఆకర్షణ ఉండేట్టు అయస్కాంతంతో సరిచేస్తే, పెద్ద అంకెలు రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి, మామూలుగా లెక్కలోకి రాని క్వాంటం చలనాల చిన్న వికర్షణ మాత్రం మిగులుతుంది. సాంద్రత పెరిగే కొద్దీ అది ఆకర్షణ కంటే త్వరగా పెరుగుతుంది కాబట్టి మేఘం కూలదు, విడిపోదు, ఏ పాత్రా లేకుండానే తనంత తాను నీటిబొట్టులా నిలుస్తుంది. 2018లో బార్సెలోనాలోనూ ఫ్లోరెన్స్‌లోనూ పొటాషియం-39 రెండు స్పిన్ స్థితుల మిశ్రమంతో ఈ బొట్లను చూశారు. 2019లో ఫ్లోరెన్స్‌లో పొటాషియం-41, రుబీడియం-87లతో, అంటే నిజంగా రెండు జాతులతో, చేశారు. వాయువు కంటే పలచని ద్రవమది, మన గదిలోని గాలి దాని కంటే వేల రెట్లు దట్టం.

బరువుల తేడా ఎంత ఎక్కువైతే అంత మేలు జరిగిన సందర్భం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పరిక్షేపణ దైర్ఘ్యం చాలా పెద్దదైనప్పుడు మూడు పరమాణువులు కలిసి వింతైన బంధాలను ఏర్పరుస్తాయని, ఆ బంధాలు ఒక దానికంటే ఒకటి ఒకే నిష్పత్తిలో పెద్దవవుతూ అంతులేకుండా వరుస కడతాయని 1970లో విటాలీ ఎఫిమోవ్ అన్నారు. మూడూ ఒకే రకపు బోసాన్లయితే ఆ నిష్పత్తి 22.7. మొదటి బంధం ఒక అడుగు దగ్గర కనిపిస్తే, రెండోది 22 అడుగుల పైన, మూడోది 500 అడుగుల ఆవల. పరిక్షేపణ దైర్ఘ్యాన్ని అంత దూరం పెంచేసరికి క్షేత్రపు నిలకడ, మేఘపు చలి రెండూ చాలవు. 2006లో ఇన్స్‌బ్రుక్‌లో సీజియంతో మొదటి ఆనవాలు దొరికినా, వరుసను చూడటం కష్టమయింది. రెండు బరువైన సీజియం-133 పరమాణువుల మధ్య ఒక తేలికైన లిథియం-6 ఉంటే ఆ నిష్పత్తి 4.9కి దిగుతుంది. తేలిక లిథియం రెండు సీజియంల మధ్య చకచకా తిరుగుతూ వాటిని కలిపి ఉంచుతుంది. 2014లో షికాగోలో చెంగ్ చిన్ బృందం 843 గాస్ దగ్గరి లిథియం, సీజియం అనునాదాన్ని ఉపయోగించి ఆ వరుసలో మూడింటిని చూసింది, అదే ఏడాది హైడెల్‌బర్గ్ బృందం కూడా అదే జంటలో ఆ వరుసను కొలిచింది. ఈ జంట దొరకకపోతే, ఆ నిష్పత్తి ఇంకా కాగితం మీది సంఖ్యగానే చాలాకాలం ఉండేదని నాకనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం అణువులు. మెట్టు ప్రవేశ మట్టానికి కిందుగా ఉన్న వైపు అది నిజమైన బంధం. క్షేత్రాన్ని 546.7 గాస్‌కు పైనుంచి కిందికి మెల్లగా దించితే, జతగా ఉన్న పొటాషియం, రుబీడియం పరమాణువులు ఆ మెట్టు మీదికి దిగి అణువులవుతాయి. కానీ ఈ అణువులోని పరమాణువుల మధ్య ఎడం పది నానోమీటర్లు దాటవచ్చు, గట్టి అణువులో అది 0.4 నానోమీటరే. అంత దూరాన ఉన్న పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్లు ఒకవైపు ఒరగవు, అణువుకు ధన, రుణ కొసలు ఏర్పడవు. ఆ కొసల కోసమే రెండు జాతులు కావాలి. ఒకే జాతి పరమాణువులు రెండు కలిస్తే ఎటు ఒరగాలన్న ప్రశ్నే రాదు, వేర్వేరు జాతులు కలిస్తేనే ఒక కొస బరువెక్కి అణువు విద్యుత్ ద్విధ్రువమవుతుంది.

అక్కడ మొదట చెప్పుకున్న 6,000 కెల్విన్ల బావి మళ్ళీ ఎదురవుతుంది. పై మెట్టు మీద ఉన్న అణువును అడుగుకు దింపాలి, కానీ ఆ దింపడంలో అంత శక్తీ వేడిగా మారితే మేఘం క్షణంలో ఆవిరైపోతుంది. 2008లో జైలాలో డెబొరా జిన్, జున్ యే బృందాలు దీన్ని రెండు లేజర్లతో చేశాయి. ఒక లేజర్ అణువును ఉత్తేజిత స్థితి వైపు ఆకర్షిస్తే, రెండోది అక్కడి నుంచి అడుగు మెట్టుకు దింపుతుంది. రెండు కాంతుల పౌనఃపున్యాల తేడా 125 టెరాహెర్ట్జ్‌లు, బావి లోతుకు సరిగ్గా సమానం. ఆ శక్తి అంతా కాంతిలో కలిసి బయటికి పోయింది, అణువులు సుమారు 350 నానోకెల్విన్ చలిలోనే మిగిలాయి. 0.57 డెబై (డెబై అంటే ద్విధ్రువాన్ని కొలిచే ప్రమాణం) ద్విధ్రువ భ్రామకం గల ఆ అణువులను చూశాక ఈ రంగం దారి మారిపోయింది.

ఆ అణువులు నిలకడగా లేవు. రెండు పొటాషియం-రుబీడియం అణువులు కలిస్తే పొటాషియం అణువు ఒకటి, రుబీడియం అణువు ఒకటి ఏర్పడి శక్తి విడుదలవుతుంది కనుక, అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. 2010లో జైలాలో గమనించినది ఆసక్తికరం. అణువులన్నీ ఒకే కేంద్రక స్పిన్ స్థితిలో ఉన్నప్పుడు పౌలీ నియమం వాటిని దూరం పెట్టి చర్యను నెమ్మదింపజేస్తుంది, రెండు స్థితులు కలిపితే చర్య పదుల రెట్లు వేగమవుతుంది. రసాయన చర్య వేగాన్ని కేంద్రకపు స్పిన్ నిర్ణయించడం ఇలా కళ్ళెదుట జరిగింది. 2019లో హార్వర్డ్‌లో కాంగ్-క్యున్ ని బృందం, ఈ చర్యలో మధ్యన ఏర్పడే నాలుగు పరమాణువుల సముదాయాన్ని స్వయంగా పట్టుకుంది. ఇలాంటి చర్య జరగడానికి శక్తి చాలని జంటలు వేరే ఉన్నాయి. సోడియం-పొటాషియం, సోడియం-రుబీడియం, రుబీడియం-సీజియం, సోడియం-సీజియం వాటిలోవి. వాటిలో మొదటి మూడింటిని ఎంఐటీ, హాంకాంగ్, ఇన్స్‌బ్రుక్, డరహామ్ ప్రయోగశాలలు ఒక్కొక్కటిగా అడుగు మెట్టుకు దింపాయి. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో కూడా సోడియం, పొటాషియం మిశ్రమం మీద పని సాగుతోంది. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ విల్ బృందం, పొటాషియం-రుబీడియం కంటే ఎనిమిది రెట్లు పెద్ద ద్విధ్రువం గల సోడియం-సీజియం అణువులను 6 నానోకెల్విన్‌కు చల్లార్చి, అవి ఒకే క్వాంటం స్థితిలోకి చేరే బోస్-ఐన్‌స్టైన్ సంఘననానికి చేర్చింది. ఇందులో అణువుల తయారీ మొదటి అడుగు మళ్ళీ అదే అయస్కాంతపు తిప్పుడే.

అన్ని జంటలూ ఇంత మాట వినవు. స్ట్రాన్షియం పరమాణువులో ఎలక్ట్రాన్ స్పిన్‌లు జతపడి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల అట్టడుగు స్థితిలో దానికి చెప్పుకోదగ్గ అయస్కాంత స్వభావం ఉండదు. అటువంటి పరమాణువును రుబీడియంతో కలిపితే, తెరచిన దారికీ మూసిన దారికీ మధ్య వంతెన వేసేవారే ఉండరని చాలాకాలం అనుకున్నారు. స్ట్రాన్షియం దగ్గరికి వచ్చినప్పుడు రుబీడియం ఎలక్ట్రాన్ మేఘం కాస్త చెదిరి, దాని హైపర్‌ఫైన్ బంధం కొద్దిగా మారుతుందని, ఆ చిన్న మార్పే వంతెన కాగలదని 2010లో సిద్ధాంతం చెప్పింది. 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటిని కనుగొన్నారు. ఆ అనునాదాల వెడల్పు మిల్లీగాస్‌ల లెక్క. పొటాషియం-రుబీడియంలో మూడు గాస్ వెడల్పున్న తలుపు దగ్గరే అంత నిలకడ కావలసి వస్తే, ఇక్కడ ఎంత కావాలో ఊహించుకోవచ్చు.

ఇదే ఊపులో ప్రశ్న పరమాణువుల నుంచి అణువులకు పోయింది. 2019లో చైనాలోని హెఫెయిలో, అడుగు మెట్టు మీద ఉన్న సోడియం-పొటాషియం అణువుకూ, విడి పొటాషియం పరమాణువుకూ మధ్య అయస్కాంత అనునాదాలు దొరికాయి. ఎంఐటీలో సోడియం-లిథియం అణువుతో, తొలుత 2022లో సోడియం పరమాణువుకూ, ఆ తరువాత 2023లో మరో సోడియం-లిథియం అణువుకూ మధ్య కనబడ్డాయి. రెండు పరమాణువుల బావిలో వంద మెట్లుంటే లెక్క వేయవచ్చు. మూడు నాలుగు పరమాణువులు కలిసిన బావిలో అవి ఎన్నో రెట్లు కిక్కిరిసి ఉంటాయి, కంప్యూటర్ లెక్క అక్కడి అనునాదం ఏ గాస్ దగ్గరుందో ముందుగా చెప్పలేదు. అందువల్ల ఆ ప్రయోగశాలల్లో మళ్ళీ 2004 నాటి పద్ధతే నడుస్తోంది: ఒక మేఘం, ఒక క్షేత్రం, ఒక ఫొటో, తరువాత కొద్దిగా జరిపి ఇంకో మేఘం, ఎక్కడ నీడ పలచబడుతుందో చూస్తూ.